తిండి పడని కుక్క ఉందా? ముందు గిన్నె సర్దండి, సప్లిమెంట్లు తర్వాత

తిరుపతిలో కుక్కను పెంచేవాళ్ళు ఇద్దరు కలిస్తే మాట ఎక్కడ మొదలైనా చివరికి మోషన్ దగ్గరికే వస్తుంది. మొన్నటిదాకా బాగానే ఉన్నాడు, నిన్న రాత్రి నుంచి నీళ్ళలా పోతున్నాడు, తెల్లారుజామున పసుప్పచ్చగా కక్కాడు, కడుపులో గుడగుడమని ఒకటే చప్పుడు, గ్యాస్ వదిలితే హాల్లో కూర్చోలేకపోతున్నాం. తర్వాత జరిగేది కూడా చాలా ఇళ్ళలో ఒకటే. పెట్ షాపుకు పోయి ఒక సిరప్, ఒక ప్రోబయాటిక్ (మంచి బ్యాక్టీరియా) పౌడరు, 'సెన్సిటివ్' అని రాసున్న కొత్త ఫుడ్డు బస్తా ఒకేసారి తెచ్చి ఆ పూటే అన్నీ మొదలుపెడతారు. తగ్గితే ఏది పనిచేసిందో తెలీదు, ఎక్కువైతే ఏది పడలేదో తెలీదు, డాక్టరు అడిగితే చెప్పడానికి ఏమీ ఉండదు.

అందుకే ఇక్కడ రాసే పద్ధతంతా ఒక్క లెక్క మీద నడుస్తుంది: ముందు తీసేయాలి, తర్వాత చేర్చాలి, చేర్చేటప్పుడు ఒకసారికి ఒకటే చేర్చాలి. వినడానికి బోరుగా ఉంటుంది నిజమే. ఇలాంటి కడుపుకు కావలసింది కూడా ఆ బోరే, రోజూ అదే తిండి, అదే టైము, అదే కొలత. వెరైటీ కావాలని గోల పెట్టేది మనం, కుక్క కాదు.

ఇంట్లో చూసుకునేది ఏది, ఆస్పత్రికి పోవాల్సింది ఏది

పెద్ద కుక్క, టీకాలన్నీ అయ్యాయి, ఒకటి రెండు సార్లు లూజ్‌గా పోయింది, కానీ తోక ఆడిస్తోంది, నీళ్ళు తాగుతోంది, బంతి వేస్తే పరిగెత్తుతోంది అంటే ఒకటి రెండు రోజులు ఇంట్లోనే తిండి మార్చి చూడొచ్చు. మోషన్‌లో రక్తం, తారులాగా నల్లగా పోవడం, తాగిన నీళ్ళు కూడా నిలవకుండా వాంతులు, చిగుళ్ళు తెల్లబారడం లేదా వేలు పెడితే జిగటగా అంటుకోవడం, మెడ మీది తోలు పట్టి వదిలితే వెంటనే సర్దుకోకపోవడం, జ్వరం, లేవలేకపోవడం, వీటిలో ఏ ఒక్కటి కనబడినా ఇది చదవడం ఆపి బండి తీయండి. జర్మన్ షెపర్డ్, గ్రేట్ డేన్ లాంటి లోతైన ఛాతీ ఉన్న పెద్ద కుక్క కడుపు ఉబ్బిపోయి, కక్కాలని ఎంత ప్రయత్నించినా ఏమీ రాక అటూ ఇటూ తిరుగుతుంటే కడుపు మెలిపడి ఉండొచ్చు, దానికి ఉండే టైము కొన్ని గంటలే, తెల్లారి చూద్దాంలే అనుకుంటే కుక్క దక్కదు.

కుక్కపిల్లల సంగతి పూర్తిగా వేరు. ఏడాది లోపు పిల్ల, టీకాలు పూర్తి కాలేదు, తిండి మానేసి కక్కుతూ వాసనతో రక్తపు మోషన్ పోతోందంటే ముందు అనుమానించాల్సింది పార్వో అనే వైరస్ జబ్బు. దానికి పెరుగన్నం వైద్యం లేదు, సెలైన్ ఎక్కించాలి, అదీ ఆ రోజే. టీకాలు 6–8 వారాల వయసులో మొదలుపెట్టి, 2–4 వారాలకొకటి చొప్పున కనీసం 16 వారాల వయసు దాకా వేయించాలి. ఒక్క డోసు వేయించి కార్డు బీరువాలో పెట్టేసేవాళ్ళు చాలామంది ఉన్నారు, మధ్యలో ఆపితే రక్షణ ఉంటుందని నమ్మకం పెట్టుకోకండి.

ఈ విషయంలో తిరుపతి వాళ్ళకు ఒక సదుపాయం ఉంది, వెటర్నరీ కాలేజీ. 1955లో పెట్టిన కాలేజీ, 2005 నుంచి శ్రీ వేంకటేశ్వర పశువైద్య విశ్వవిద్యాలయం కింద నడుస్తోంది. అక్కడికి పోయినా మీ వీధి చివరి క్లినిక్‌కు పోయినా చేతిలో మూడు ఉండాలి: ఆ పొద్దున మోషన్ కొంచెం శుభ్రమైన చిన్న డబ్బాలో, నిన్నా మొన్నటి మోషన్ ఫోటోలు ఫోన్‌లో, గత వారం ఏమేం తిన్నాడో రాసిన కాగితం. ఫోటోలు తీయడానికి సిగ్గుపడకండి, డాక్టర్లకు అవి మీ వర్ణన కంటే బాగా పనికొస్తాయి.

ఇంకో సంగతి. ప్రతి లూజ్ మోషన్‌కూ తిండి కారణం కాదు. నులిపురుగులు, కొంకి పురుగులు, జియార్డియా అనే కంటికి కనబడని పేగు పరాన్నజీవి ఇవన్నీ మన కాలనీల్లో మామూలే, మోషన్ పరీక్షలో బయటపడతాయి. పెద్ద కుక్కకు మూడు నెలలకోసారి పురుగుల మందు అనేది మామూలు లెక్క, ఆ తేదీ గుర్తులేకపోతే ముందు అది తేల్చుకోండి. గోమార్లు, అంటే పిడుదులు, ఎక్కువున్న ఇంట్లో కుక్క తిండి మానేసి నీరసంగా కక్కుతుంటే వాటి కాటుతో వచ్చే టిక్ ఫీవర్‌కు రక్త పరీక్ష చేయించాలి. ఇవి ఉంచుకుని గుమ్మడికాయ తినిపిస్తే గుమ్మడికాయకు చెడ్డపేరు తప్ప ప్రయోజనం లేదు.

మీరు పెట్టేది కాదు, అందరూ పెట్టేది రాయండి

ఒక వారం పాటు కుక్క నోట్లోకి పోయే ప్రతిదీ రాయండి. ఇంట్లో ప్రతి మనిషినీ అడగండి, పనమ్మాయిని, వాచ్‌మన్ అన్నను, మేడ మీద అద్దెకున్నవాళ్ళను కూడా అడగండి. "మేమేం పెట్టలేదక్కా, ఒక బిస్కెట్టే" అనేది అందరూ చెప్పే మాట, ఆ ఒక్క బిస్కెట్లన్నీ కలిపితే పావు ప్యాకెట్ అవుతుంది. చిరుతిండి అనేది రోజు మొత్తం కేలరీల్లో పదో వంతు దాటకూడదు. గ్లూకోజ్ బిస్కెట్, రస్కు, టీ బన్ను, పాలు, ఇవి నాలుగూ ఆపేస్తేనే కడుపు కుదుటపడే కుక్కలు ఉన్నాయి. పాలు ముఖ్యంగా. పాలలో ఉండే లాక్టోజ్‌ను అరిగించే ఎంజైమ్ కుక్క పెద్దదయ్యేకొద్దీ తగ్గిపోతుంది, అది అరగక పేగుల్లో నీళ్ళు లాగి విరేచనం అవుతుంది. ఆవు పాలు, గేదె పాలు, టోన్డ్ పాలు అన్నీ ఒకటే ఈ విషయంలో.

మన ఊరి ప్రత్యేకమైనవి కొన్ని ఉన్నాయి, వీటి గురించి కాస్త వివరంగా చెప్పాలి.

మొదటిది లడ్డు. ఎవరు కొండకు పోయొచ్చినా వీధంతా పంచుతారు, చేతిలో మిగిలిన ముక్క కుక్కకు వేస్తారు. తిరుమల లడ్డులో నెయ్యి, చక్కెర సంగతి అలా ఉంచండి, ఎండుద్రాక్ష ఉంటుంది. ద్రాక్ష, ఎండుద్రాక్ష కుక్క కిడ్నీలను పాడుచేస్తాయి. ఏ కుక్కకు ఎంత తింటే ప్రమాదమో ముందుగా చెప్పే కొలత లేదు, ఒక కుక్క గుప్పెడు తిని బాగుంటుంది, ఇంకోటి కొంచెం తిన్నా ఒకటి నుంచి మూడు రోజుల్లో కిడ్నీ ఫెయిలయ్యే దాకా పోతుంది. తినేసిందని తెలిస్తే వాంతులు మొదలయ్యేదాకా ఎదురుచూడకుండా వెంటనే డాక్టరు దగ్గరికి పోవాలి, మొదటి గంట రెండు గంటల్లో అయితే వాళ్ళు ఇంజెక్షన్‌తో కక్కిస్తారు. ఉప్పు నీళ్ళు పోసి మీరే కక్కించే పని పెట్టుకోవద్దు, ఆ ఉప్పు కూడా ప్రమాదమే. ప్రసాదం వద్దంటే ఇంట్లో పెద్దవాళ్ళకు కష్టంగా ఉంటుంది, తెలుసు. కళ్ళకద్దుకుని మనం తిందాం, వాడికి ఒక ఉడికిన క్యారెట్ ముక్క వేద్దాం అని చెప్పండి, వింటారు.

రెండోది పులిహోర. కారం, నూనె, పోపు ఇవి కడుపును రేపేవే, వాటికి తోడు చింతపండు. ద్రాక్షలో విషం ఏమిటని దశాబ్దాలు తెలియలేదు, 2021లో అమెరికాలో విషాల మీద పనిచేసే పశువైద్యులు టార్టారిక్ ఆమ్లం మీద అనుమానం చెప్పారు. చింతపండులో ఆ ఆమ్లం దండిగా ఉంటుంది, చింతపండు తిన్న కుక్కలకు కిడ్నీ దెబ్బతిన్న కేసులు కూడా తర్వాత రాశారు. మన వంటల్లో చింతపండు లేని రోజే తక్కువ కాబట్టి రసం అన్నం, సాంబారు, పులుసు అన్నీ ఈ లెక్కలోకే వస్తాయి. సాంబారులో ఎర్రగడ్డలు, అంటే ఉల్లిపాయలు, కూడా ఉంటాయి. ఎర్రగడ్డ, తెల్లగడ్డ (వెల్లుల్లి) రెండూ కుక్క రక్తకణాలను పగలగొడతాయి, ఉడికిస్తే విషం పోతుందనేది అపోహ. ముక్కలు ఏరేసి పెట్టినా రసం దిగే ఉంటుంది.

మూడోది మే నెల. గంగమ్మ జాతర వారమంతా ఊళ్ళో మటన్, కోళ్ళు, పొంగలి, అంబలి. అంబలి కుండ దగ్గర ఎర్రగడ్డ ముక్కలు నంజుకుంటూ మిగిలింది కుక్కకు పోస్తారు, రాత్రికి మటన్ కొవ్వు, బొమికలు. కొవ్వు ఒకేసారి ఎక్కువ పడితే పాంక్రియాస్, అంటే అరుగుదల ఎంజైములు చేసే క్లోమ గ్రంథి, వాచిపోతుంది: ఆగని వాంతులు, ముట్టుకోనివ్వని కడుపునొప్పి, ముందరి కాళ్ళు నేలకు పరిచి వెనక భాగం పైకెత్తి అలాగే ఉండిపోవడం. అది అజీర్తి కాదు, ఆస్పత్రి కేసు. ఉడికిన బొమికలు నిలువుగా చీలి గొంతులోనో పేగులోనో గుచ్చుకుంటాయి. ఆ వారం బంధువులు వచ్చిపోయే టైములో కుక్కను ఒక గదిలో పెట్టి తలుపు వేయడం దానికీ మంచిదే, మీకూ టెన్షన్ ఉండదు.

జాతర అయిపోగానే మామిడి. చిత్తూరు వైపు తోతాపురి లారీలు పల్ప్ ఫ్యాక్టరీల ముందు బారులు తీరే రోజుల్లో రోడ్డంతా కాయలే. టెంక లేని పండు ముక్క ఒకటో రెండో తింటే ఏమీ కాదు. టెంక మింగితే మాత్రం పేగులో ఇరుక్కోవచ్చు, ఇరుక్కుంటే చాలాసార్లు ఆపరేషన్ తప్పదు. తోట ఉన్నవాళ్ళు కుక్కను విప్పేసి వదలకుండా చూసుకోవాలి.

ఇక చికెన్ అంగట్లో కుక్కకని అడిగితే తోలు, పేగులు, మెడలు కలిపి తక్కువ ధరకు కవర్లో కట్టిస్తారు చూడండి, అది ఆరోగ్యంగా ఉన్న వీధి కుక్క అరిగించుకోగలదేమో. తిండి పడని కుక్కకు ఆ కొవ్వు, ఆ పచ్చి పేగుల్లోని బ్యాక్టీరియా రెండూ వద్దు.

మోషన్ చూసి కొంత చెప్పొచ్చు

ఎక్కువసార్లు, కొంచెం కొంచెంగా, ముక్కుతూ, జిగురుతో, ఒక్కోసారి చివర్లో ఎర్రటి చుక్కతో పోతే సమస్య పెద్ద పేగులో ఉందని అనుకోవచ్చు, దీనికి పీచు బాగా పనిచేస్తుంది. రోజుకు రెండు మూడు సార్లే కానీ కుప్పలుగా, నీళ్ళగా పోతూ కుక్క బరువు తగ్గిపోతుంటే చిన్న పేగు సంగతి, దానికి పీచు కంటే పరీక్షలు అవసరం. చేత్తో కవరు వేసి ఎత్తితే ఆకారం చెడకుండా, నేల మీద మరక లేకుండా వస్తే అది మంచి మోషన్.

పొద్దున్నే ఖాళీ కడుపుతో పసుప్పచ్చ నురగ కక్కి, ఆ వెంటనే హుషారుగా తినేసే కుక్కలు ఉంటాయి. రాత్రి ఏడుకు పెట్టి మళ్ళీ పొద్దున తొమ్మిదికి పెట్టే ఇళ్ళలో ఇది ఎక్కువ. పైత్యం ఖాళీ కడుపులోకి ఎగదన్నడమే చాలాసార్లు కారణం. రోజు కొలతలోంచే కొంచెం తీసి పడుకునే ముందు పెట్టండి, చాలామందికి మందు లేకుండానే ఆగిపోతుంది. గడ్డి తినడం గురించి కంగారు వద్దు, బాగున్న కుక్కలు కూడా తింటాయి, మందు కొట్టిన లాన్ కాకపోతే చాలు.

రెండు మూడు రోజుల పథ్యం

కక్కుతున్న పెద్ద కుక్కకు ఒక పూట, అంటే 6 నుంచి 12 గంటలు తిండి ఆపి, నీళ్ళు కొంచెం కొంచెంగా తరచూ ఇవ్వండి. గిన్నె నిండా పెడితే గటగటా తాగి మళ్ళీ కక్కుతుంది. లూజ్ మోషన్ ఒక్కటే ఉంటే, వాంతి లేకపోతే, పస్తు పెట్టాల్సిన పని లేదు. పిల్లలనూ, చివావా, పొమేరేనియన్ లాంటి చిన్న జాతులనూ ఎప్పుడూ పస్తు పెట్టకూడదు, షుగర్ పడిపోతుంది.

తర్వాత పథ్యం. తోలు, ఎముక లేని చికెన్ బ్రెస్టు ఉప్పు, పసుపు, అల్లం వెల్లుల్లి ఏమీ లేకుండా నీళ్ళలో ఉడికించి, పైన తేలిన కొవ్వు తీసేసి, వేళ్ళతో పీచులుగా విడదీయండి. తెల్లన్నం మనం తినేదానికంటే మెత్తగా, గంజి ఉండేలా వండండి. ఒక వంతు చికెన్, రెండు వంతుల అన్నం. బ్రౌన్ రైస్ ఆరోగ్యమని పెట్టొద్దు, ఇప్పుడు కావలసింది తేలిగ్గా అరిగేది. పది కేజీల కుక్కకు రోజు మొత్తానికి ఉడికిన చికెన్ 150 గ్రాములు, అన్నం 300 గ్రాములు సరిపోతుంది, మొదటి రోజు అందులో సగం నుంచి మొదలుపెట్టి నాలుగైదు పూటలుగా పెట్టండి. 30 కేజీల ల్యాబ్‌కు మూడింతలు అక్కర్లేదు, రెండింతల కంటే కొంచెం ఎక్కువ చాలు, బరువుతో పాటు ఆకలి అదే లెక్కన పెరగదు.

చికెన్ పడదని అనుమానం ఉంటే ఉడికించిన గుడ్డు, లేదా ముల్లు పూర్తిగా తీసిన చేప. మాంసం గడప దాటనివ్వని ఇళ్ళు ఇక్కడ చాలానే ఉన్నాయి, వాళ్ళకు గుడ్డు కూడా కుదరకపోతే వెన్న తీసిన పాలతో చేసిన పన్నీరు రెండు మూడు రోజులకు పనికొస్తుంది, పాలు అస్సలు పడని కుక్కకు మాత్రం అదీ వద్దు. పెరుగన్నం సంగతి చాలామంది అడుగుతారు. బాగున్న కుక్కకు తాజా పెరుగు రెండు స్పూన్లు మంచిదే, పాలలో కంటే లాక్టోజ్ తక్కువ. విరేచనాలు పోతున్న మొదటి రోజు మాత్రం పెట్టకండి, ఎండాకాలం మధ్యాహ్నానికి పులిసిన పెరుగు అసలే వద్దు.

మోషన్ గట్టిపడిన తర్వాత ఇంకొక రోజు పథ్యం కొనసాగించి, అప్పుడు పాత తిండి నాలుగో వంతు కలపండి. రెండు రోజులకు సగం, ఇంకో రెండు రోజులకు ముప్పాతిక, తర్వాత పూర్తిగా. మధ్యలో మళ్ళీ లూజైతే ఒక మెట్టు వెనక్కు దిగండి. కొత్త బ్రాండు ఫుడ్డుకు మారేటప్పుడూ ఇదే లెక్క, వారం నుంచి పది రోజులు. పాత బస్తా ఖాళీ అయ్యాక కొత్తది కొంటే కలపడానికి ఏమీ ఉండదు కాబట్టి పాతది రెండు కేజీలు ఉండగానే కొనాలి. రెండు మూడు రోజుల పథ్యంతో మార్పు లేకపోతే ఇంకో వారం అదే పెట్టుకుంటూ కూర్చోవద్దు, డాక్టరు దగ్గరికి పోండి.

మందుల షాపులో మెట్రోనిడజోల్ అడిగి తెచ్చి వేసే అలవాటు మాత్రం మానుకోండి. మామూలు లూజ్ మోషన్ దానంతటదే తగ్గేదే, దానికి యాంటీబయాటిక్ వద్దనేదే ఇప్పటి వెటర్నరీ మార్గదర్శకాల మాట, అనవసరంగా వేస్తే పేగులోని మంచి బ్యాక్టీరియా కూడా పోతుంది. మనం వేసుకునే డైక్లోఫినాక్, ఐబూప్రొఫెన్ లాంటి నొప్పి మాత్రలు కుక్క కడుపులో పుండ్లు చేస్తాయి, అర ముక్క కూడా వద్దు.

రోజువారీ తిండి

ఇక్కడ ఇళ్ళలో వండిపెట్టేవాళ్ళే ఎక్కువ, సంగటి తిని పెరిగిన కుక్కలు ఊళ్ళలో ఎన్నో. మా అవ్వ అయితే రాగి సంగటి పడని కుక్క కుక్కే కాదంటుంది. రాగి మంచిదే, మెత్తగా ఉడికితే చాలా కుక్కలకు పడుతుంది, పీచు ఉంటుంది. కానీ విరేచనాల్లో ఉన్నప్పుడు ఆ పీచు బరువు, అప్పుడు తెల్లన్నమే నయం. రాగిలో కాల్షియం ఉంది కదా అని అక్కడితో ఆగిపోవడం ఇంకో పొరపాటు. వంద గ్రాముల రాగుల్లో 350 మిల్లీగ్రాముల దగ్గర ఉంటుంది, అందులో ఒంటికి పట్టేది ఇంకా తక్కువ. మాంసంలో ఫాస్ఫరస్ ఎక్కువ, కాల్షియం దాదాపు లేనట్టే. చికెన్ అన్నం మీదే నెలల తరబడి ఉంచితే ఎముకల్లోంచి కాల్షియం లాగుతుంది. ఎముక పెట్టకుండా ఇంటి వంటే శాశ్వతంగా పెట్టే పది కేజీల పెద్ద కుక్కకు గుడ్డు పెంకు పొడి రోజుకు 2 గ్రాముల దాకా, అంటే అర టీస్పూన్ లోపు, అవసరమవుతుంది. పెంకులను కడిగి, పది నిమిషాలు మరిగించి, ఆరబెట్టి, మిక్సీలో పిండిలా పట్టాలి, గరుకు మిగలకూడదు. ప్యాకెట్ ఫుడ్డు తినే కుక్కకు ఇది వద్దు, అందులో ఇప్పటికే ఉంటుంది. ల్యాబ్, షెపర్డ్, రాట్‌వీలర్ లాంటి పెద్ద జాతి పిల్లలకు కాల్షియం టానిక్‌లు అస్సలు పోయొద్దు, ఎక్కువైన కాల్షియం ఎముకల ఎదుగుదలను చెడగొడుతుంది. ఇంటి వంట మీదే పెంచాలని నిశ్చయించుకుంటే ఒకసారి డాక్టరుతో కూర్చుని జింకు, అయోడిన్, విటమిన్లతో సహా కొలతలు రాయించుకోండి. పెరుగన్నం ఒక్కటే తిని బతికే కుక్కలను చూస్తుంటాం, అందులో ప్రొటీన్ చాలదు, బొచ్చు చూస్తేనే తెలుస్తుంది.

కూరగాయల్లో సొరకాయ, బీరకాయ, క్యారెట్, గెనుసుగడ్డ, గుమ్మడికాయ ఉడికించి మెదిపి పెట్టొచ్చు. ఉర్లగడ్డ ఉడికితే పర్వాలేదు, పచ్చిగా మొలకతో వద్దు. కందిపప్పు, శనగపప్పు గ్యాస్ చేస్తాయి, పప్పు కావాలంటే పెసరపప్పు బాగా ఉడికించి కొంచెం.

ఒకే సమస్య నెలకు రెండు మూడు సార్లు తిరగబెడుతూ, పైగా చెవుల్లో దురద, కాళ్ళు నాకుకోవడం కూడా ఉంటే తిండి అలెర్జీ చూడాలి. కుక్కల్లో ఎక్కువగా పడనివి బీఫ్, పాల పదార్థాలు, చికెన్, గోధుమ. రక్త పరీక్షతో దీన్ని నమ్మకంగా తేల్చలేరు, తిండి పరీక్షే దారి. ఇంతవరకు ఎప్పుడూ తినని ఒక ప్రొటీన్, ఒక పిండి పదార్థం ఎంచుకోండి, ఉదాహరణకు చేప, గెనుసుగడ్డ. కడుపు సమస్యకు రెండు నుంచి నాలుగు వారాలు, చర్మానికైతే ఎనిమిది వారాలు, అది తప్ప ఇంకేమీ నోట్లోకి పోకూడదు. ఇక్కడే అందరి పరీక్షా చెడిపోతుంది, ఎందుకంటే చికెన్ ఫ్లేవర్ టానిక్, గోమార్లకు ఇచ్చే రుచి ఉన్న నమిలే మాత్ర, పళ్ళకు కొరికే స్టిక్ ఇవేవీ తిండి కావనుకుంటారు. తగ్గాక పాత ప్రొటీన్ మళ్ళీ పెట్టి చూడాలి, మళ్ళీ మొదలైతేనే అది అలెర్జీ అని ఖాయం. వండే ఓపిక లేకపోతే ప్రొటీన్‌ను చిన్న ముక్కలుగా విడగొట్టి చేసే హైడ్రోలైజ్డ్ ఫుడ్డు డాక్టరు రాసిస్తారు, ఖరీదు ఎక్కువ, పరీక్ష వరకు పెట్టుకోవచ్చు.

గబగబా మింగి వెంటనే కక్కేవాడికి తిండి మార్చే ముందు గిన్నె మార్చండి. గతుకుల గిన్నె ఒకటి కొనండి, లేదా పెద్ద పళ్ళెంలో పరిచి పెట్టండి. ఎండాకాలంలో తడి తిండి అరగంటకు మించి గిన్నెలో ఉంచకూడదు, తిరుపతి ఎండకు ఎంత తొందరగా వాసన వస్తుందో మీకు చెప్పక్కర్లేదు. ఎండు ఫుడ్డు బస్తా బాల్కనీలో కాకుండా లోపల, మూత గట్టిగా ఉన్న డబ్బాలో పెట్టండి, దాంట్లో ఉండే కొవ్వు వేడికి చెడిపోయి అదే విరేచనానికి కారణమవుతుంది.

ఇప్పుడు సప్లిమెంట్లు

పైవన్నీ కుదిరి రెండు వారాలైనా ఇంకా మెత్తగానే పోతుంటే అప్పుడు ఒక్కటి చేర్చండి. నేనైతే మొదట గుమ్మడికాయతో మొదలుపెట్టమంటాను, ఎందుకంటే చవక, ఇంట్లో ఉంటుంది, మంచి చేయకపోయినా చెడు చేయదు. ఎర్ర గుమ్మడికాయ తొక్క, గింజలు తీసి ఆవిరి మీద ఉడికించి మెదిపి, పది కేజీల కుక్కకు రోజుకు ఒక టేబుల్ స్పూన్, పెద్ద ల్యాబ్‌కు రెండు మూడు. ఎక్కువైతే అదే లూజ్ చేస్తుంది. మలబద్ధకానికీ, లూజ్‌కూ రెండింటికీ పనిచేసేది కరిగే పీచు, నీళ్ళు ఎక్కువైతే పట్టుకుంటుంది, తక్కువైతే మెత్తబరుస్తుంది. పెద్ద పేగు సమస్యకు ఇసబ్‌గోల్ ఇంకా బాగా పనిచేస్తుంది, పది కేజీలకు అర టీస్పూన్, తిండిలో కలిపి నీళ్ళు ఎక్కువ పోసి నానాకే పెట్టాలి. పొడిగా వేస్తే గొంతుకు అడ్డం పడుతుంది. చక్కెర, రంగు, ఫ్లేవర్ కలిపినది కాకుండా ఉత్త పొట్టు కొనండి. షుగర్‌ఫ్రీ అని రాసినది ఏదైనా సరే కుక్కకు దూరంగా ఉంచండి, జైలిటాల్ అనే తీపి పదార్థం ఉంటే షుగర్ ఒక్కసారిగా పడిపోయి లివర్ కూడా దెబ్బతింటుంది.

ప్రోబయాటిక్ రెండోది. లేబుల్ మీద ఏ బ్యాక్టీరియా, ఎన్ని కోట్లు అని రాసి ఉండాలి. కుక్కల కోసం ఎక్కువగా వాడేది ఎంటిరోకాకస్ ఫీసియం, ఈస్ట్ రకంలో శాకరోమైసిస్ బులార్డీ. రెండోది ఈస్ట్ కాబట్టి యాంటీబయాటిక్ కోర్సులో ఉన్నా చచ్చిపోదు, మొదటిదైతే యాంటీబయాటిక్‌కు రెండు మూడు గంటల ఎడం ఇవ్వాలి. మనుషుల సాషే కుక్కకు వేయొచ్చా అంటే డోసు డాక్టరును అడిగి వేయొచ్చు. వేడి అన్నంలో కలపకండి, చల్లారాక కలపండి. ఫ్రిజ్‌లో పెట్టమని రాసున్నది షాపులో ఏసీ లేని అరలో ఎండకు ఎదురుగా కనబడితే అక్కడ కొనకండి.

చేప నూనె బొచ్చుకూ, చర్మానికీ మంచిదని మొదలుపెడతారు, కడుపు మెత్తగా ఉన్న కుక్కకు అదే విరేచనం చేస్తుంది. ముందు మోషన్ నిలబడాలి, తర్వాత చెప్పిన డోసులో నాలుగో వంతుతో మొదలుపెట్టి వారం వారం పెంచాలి. పాంక్రియాస్ సమస్య వచ్చిన కుక్కకు డాక్టరును అడగకుండా అసలు వద్దు.

ఎంజైమ్ పౌడర్లు ప్రతి కడుపుకూ అమ్ముతున్నారు, నిజంగా అవసరమయ్యేది పాంక్రియాస్ ఎంజైములు చేయడం మానేసిన కుక్కలకే. జర్మన్ షెపర్డ్‌లలో ఇది ఎక్కువ: తెగ తింటుంది, అయినా చిక్కిపోతుంది, మోషన్ లేత రంగులో జిడ్డుగా కుప్పలుగా పోతుంది. టీఎల్ఐ అనే రక్త పరీక్షతో తేలుతుంది. అది తేలితే ఎంజైమ్ జీవితాంతం వేయాలి, తేలకపోతే డబ్బు వృథా. ఏళ్ళ తరబడి కడుపు బాగుండని కుక్కల్లో బీ12 విటమిన్ పడిపోతుంది, అది తక్కువుంటే ఎంత మంచి తిండి పెట్టినా కోలుకోదు, కాబట్టి తిరగబెట్టే కేసుల్లో ఆ పరీక్ష అడిగి చేయించండి, తక్కువుంటే డాక్టరు వారానికో ఇంజెక్షన్ చొప్పున వేస్తారు లేదా మాత్రలు రాస్తారు. లివర్ టానిక్ మాత్రం అడగని వాళ్ళకు కూడా అంటగట్టే వస్తువు. రిపోర్టులో లివర్ తేడా కనబడకుండా నేను కొనను.

ఏది మొదలుపెట్టినా క్యాలెండర్ మీద ఆ తేదీ దగ్గర దాని పేరు రాసి, పక్కన రోజూ మోషన్ ఎలా ఉందో ఒక్క అక్షరం రాయండి, గట్టిగా ఉంటే 'గ', మెత్తగా ఉంటే 'మె', నీళ్ళగా ఉంటే 'నీ'. రెండు వారాలకు తేడా లేకపోతే అది ఆపేసి, ఒక వారం ఏమీ లేకుండా ఉంచి, తర్వాతదానికి పోండి. తేడా వచ్చినా రెండు మూడు నెలల తర్వాత ఒకసారి ఆపి చూడండి, చాలా కుక్కలకు అప్పటికి దాని అవసరం ఉండదు, గుమ్మడికాయ ఒక్కటే కొనసాగిస్తే సరిపోతుంది. ఆ క్యాలెండర్ కాగితం చింపి పారేయకుండా టీకాల కార్డులోనే పెట్టుకోండి, వచ్చే ఎండాకాలం మళ్ళీ మొదలైతే డాక్టరు మొదట అడిగేది అదే.